పిట్ట వెనక చీర

ఈమధ్య ఇంటికి రంగులు వేయిస్తూ, కిటికీ అద్దాలు తుడవడానికి పాతగుడ్డ కోసం ట్రంకుపెట్టె తెరిచాను. అడుగున అమ్మ ఆకుపచ్చ వాయిల్ చీర ఉంది. విప్పి చూస్తే రెండు కొసలూ కొన్ననాటిలాగే ఉన్నాయి. మధ్యలో మాత్రం, మనిషి రెండు చేతులూ చాపి పట్టుకున్నంత మేర, ఎండుగడ్డి రంగుకి దిగిపోయింది. ఉతికి ఆరేసిన చీర అంతటా ఒకేలా వెలుస్తుంది. నడుమ మాత్రమే వెలిసిందంటే దీన్ని ఎవరో ఎండకి ఎదురుగా పట్టుకుని చాలాకాలం నిలబడ్డారన్నమాట. ఎవరో ఏమిటి, అమ్మే. మా నాన్న తీసిన పిట్టల ఫొటోల్లో, చూసిన ప్రతివాళ్ళూ మెచ్చుకున్న ఆ మెత్తటి పచ్చదనం ఈ చీరే. అద్దాలు పాత పేపరుతో తుడిచి, చీర మడతపెట్టి మళ్ళీ అడుగునే పెట్టేశాను.

మాది స్టీలు ప్లాంటు క్వార్టరు. నాన్నది గోదావరి వైపు పల్లె. ఉద్యోగం కోసం విశాఖపట్నం వచ్చి, ఆనందపురం దగ్గరి రైతుల పిల్లని చేసుకున్నారు. ఇంటి వెనక కాస్త పెరడు ఉండేది. జామచెట్టు, కరివేపాకు, బొప్పాయి, గోడవారగా గోరింట పొద, అన్నీ అమ్మ పాతినవే. గోడ మీదనుంచి చూస్తే పొగగొట్టాలు కనపడేవి. గాలి అటునుంచి తిరిగిందంటే పోపు వాసనలో కుళ్ళిన గుడ్డు వాసన కలిసేది, ఆరేసిన బట్టల మీద సన్నటి నల్లపొడి దిగేది. ఆకుల మీదా అదే పొడి. నాన్నకి ఫొటోలో ఆకు పచ్చగా పడాలి. అందుకని అమ్మ తెల్లవారగానే చెంబుతో నీళ్ళు పట్టుకెళ్ళి, పిట్టలు వాలే జామకొమ్మ ఆకులు ఒక్కొక్కటే చెంగుతో తుడిచేది. మా ఇంట్లో మనుషులకన్నా ముందు ఆ కొమ్మకి స్నానం.

మనుషుల స్నానాలు ఎప్పటికయ్యేవో చెప్పలేం, ఎందుకంటే నాన్న కెమెరా ఉండేది బాత్రూములో. ఆ కిటికీ సరిగ్గా జామకొమ్మకి ఎదురు. బి షిఫ్టు వారమంతా ఆయన డ్యూటీ మధ్యాహ్నం నుంచి కాబట్టి, పొద్దుటి ఎండ మెత్తగా ఉన్నంతసేపూ లోపల గడియ వేసుకుని, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, పొడుగు లెన్సు కిటికీలోంచి బయటికి పెట్టి కాచుకునేవారు. నేను కాలేజీకి మొహం మాత్రం కడుక్కుని వెళ్ళిన రోజులు బోలెడు. కుక్కరు పెట్టకూడదు, విజిల్ వేస్తే పిట్ట ఎగిరిపోతుంది. రేడియో పెట్టకూడదు. పెరటి తలుపు కిర్రుమనకూడదని గొళ్ళేనికి అమ్మ నూనె పూసేది. పక్క క్వార్టరువాళ్ళు మిక్సీ వేస్తే నాన్న బాత్రూములోంచే పళ్ళు కొరికేవారు. వాళ్ళని ఏమీ అనలేరు కాబట్టి బయటికొచ్చాక ఆ కోపం మా మీద తీర్చుకునేవారు.

నాన్న నోట ఎప్పుడూ ఒకటే మాట, షార్ప్. ఊళ్ళోకి వెళ్ళి ల్యాబు నుంచి ఫొటోలు తెచ్చిన రోజు కాళ్ళు కూడా కడుక్కోకుండా భూతద్దం పట్టుకుని కూర్చునేవారు. పిట్ట కన్ను చూసేవారు ముందు. కంట్లో ఎండ చుక్క చిన్న మెరుపులా పడాలి, కంటి చుట్టూ ఈకలు దేనికది విడివిడిగా కనపడాలి. ఏమాత్రం మసక ఉన్నా, ముక్కూ తోకా ఎంత అందంగా ఉన్నా సరే, రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేసేవారు. ఆయన తీసింది అరుదైన పిట్టలేం కాదు. పిగిలిపిట్టలు, తేనెపిట్టలు, ఈల వేసినట్టు పాడే నల్లంచి. వాటి పాట నాన్న ఎప్పుడైనా విన్నారా అని నాకు అనుమానం. పాడేటప్పుడు గొంతు ఊగుతుంది, ఊగితే ఫొటో చెడుతుంది, అందుకని పిట్ట పాడటం ఆపేదాకా ఆగేవారు.

మనుషుల్లోనూ ఆయన వెతికింది ఆ షార్ప్‌నెస్సే. అమ్మలో అది లేదని పెళ్ళైన కొత్తలోనే తేల్చేశారు. అమ్మ మాట వాళ్ళ ఊరి మాట. చుట్టాలు వచ్చి కూర్చున్నప్పుడు, “వడ్డించీసినాను, రండి. నాను అప్పడాలు ఏపుతాను” అని అమ్మ వచ్చి పిలిస్తే, నాన్న చెయ్యి పైకెత్తి ఆపేవారు. “నాను కాదు, నేను. వడ్డించేశాను, వేపుతాను. మళ్ళీ చెప్పు.” అమ్మ అందరి ముందూ మళ్ళీ చెప్పేది, కొత్తగా బడిలో వేసిన పిల్లలా. చుట్టాలు నవ్వేవారు. నాన్న వైపు వాళ్ళకి అదొక సరదా, మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ ముక్క అడిగి మరీ చెప్పించుకునేవారు.

చీర సంగతి ఎలా మొదలైందంటే, మా పెరట్లో జామకొమ్మ వెనక ప్రహరీగోడ, దాని మీద పాచి మరకలు, పక్కవాళ్ళ నీళ్ళ పైపు. పిట్ట ఎంత షార్ప్‌గా పడినా వెనక ఆ పైపు పడేది. నాన్న ముందు దండెం మీద దుప్పటి వేశారు. ముడతలు పడ్డాయి. పైగా సముద్రపు గాలి లేచిందంటే దుప్పటి పిట్ట మీదికే ఎగిరేది. అప్పుడు అమ్మ పెట్టెలోంచి ఈ వాయిల్ చీర తీశారు, అమ్మ పుట్టింటివాళ్ళు పెట్టింది. దాన్ని నాలుగు మడతలు వేయకుండా ఒక్క పొరగానే, రెండు చేతులతో తలకన్నా ఎత్తుగా, బిగించి పట్టుకుని కొమ్మకి కాస్త దూరంగా నిలబడమన్నారు. పిట్ట కుడికి జరిగితే కుడికి, ఎడమకి జరిగితే ఎడమకి. కిటికీలోంచి నాన్న వేలు చూపిస్తే చీర వెనకనుంచి అమ్మకి ఆ వేలు లీలగా కనపడేది. వేరే ఎవరు నిలబడినా పిట్టలు వచ్చేవి కావు. అమ్మ అయితే వచ్చేవి, రోజూ గోడ మీద అన్నం మెతుకులు పెట్టేది తనే కాబట్టి. నాన్న ఆ నమ్మకాన్ని కూడా లెన్సు కవరులో పెట్టుకున్నట్టు తన సామానులో కలిపేసుకున్నారు.

ఒకసారి చీర వెనక అమ్మకి తుమ్ము వచ్చింది. తేనెపిట్ట ఎగిరిపోయింది. నాన్న అరవలేదు, అరవడం ఆయన పద్ధతి కాదు. ఆ వారమంతా అమ్మ కట్టిచ్చిన క్యారియర్ ప్లాంటుకి పట్టుకెళ్ళి, మూత కూడా తియ్యకుండా తిరిగి తెచ్చి వంటగది గట్టు మీద పెట్టేవారు. అమ్మ మర్నాడు అదే తినేది. రెండోరోజు “ఏటండి, ఇంకా కోపవేనా?” అని అడిగింది. నాన్న లెన్సు తుడుచుకుంటూ ఉండిపోయారు. ఆ తరవాత అమ్మ తుమ్మలేదు, దగ్గలేదు, చీమ కుట్టినా కాలు విదల్చలేదు. జ్వరం ఉన్నరోజు కూడా నిలబడింది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తే చీర కింద రెండు పాదాలు, చీర పైన పది వేళ్ళు, మధ్యలో మనిషి లేనట్టే ఉండేది.

అమ్మ ఒక్కసారి అడిగింది, నేను విన్నాను. “నన్నూ ఒకటి తియ్యండి. పెళ్ళి ఫొటోల్లో తల వంచుకునే ఉన్నాను.” నాన్న రీలు ఎక్కిస్తూ, “మనుషుల ఫొటోలు తీయడానికి స్టూడియోలున్నాయి కదే. సరే, రీల్లో మిగిలితే చూద్దాం” అన్నారు. రీల్లో ఎప్పుడూ మిగల్లేదు.

ఒక వేసవిలో పిగిలిపిట్టల జంట గోరింట పొదలో గూడు కట్టింది. మనిషి నడుం ఎత్తులో, చేత్తో అందేంత కింద. ఎవరి మీద నమ్మకంతో అంత కింద కట్టిందో వేరే చెప్పాలా. పిల్లలు బయటపడ్డాక నాన్న పండగ చేసుకున్నారు. కానీ గూటి మీద ఆకుల నీడ. నాన్న కత్తెర పట్టుకుని బయల్దేరితే అమ్మ పరుగున వెళ్ళి, “కొమ్మలు నరకీకండి. దారం ఏసి కట్టీసి, మీ పని అయిపోయేక ఇప్పీస్తాను” అంది. “కట్టిన కొమ్మ ఫొటోలో తెలిసిపోతుంది” అని నాన్న గూటి చుట్టూ రెమ్మలన్నీ కత్తిరించేశారు, ముందువైపూ, పైనా. క్షవరం చేసినట్టు శుభ్రంగా వచ్చింది. గూట్లో మూడు ఎర్రటి నోళ్ళు బాత్రూము కిటికీకే కాదు, ఆకాశంలో పోయేవాటన్నిటికీ కనపడ్డాయి.

మర్నాడు పొద్దున అమ్మ చీర పట్టుకుని పొద వెనక నిలబడింది. తల్లిపిట్టలు మేతకి వెళ్ళాయి. నేను వంటింట్లో బియ్యం ఏరుతున్నాను. గోడ మీద కాకి వాలింది. అటూ ఇటూ చూసి, కదలకుండా ఉన్న ఆకుపచ్చ గుడ్డని చూసి, పొద మీదికి దిగింది. నేను అరవబోయేలోపు బాత్రూములోంచి నాన్న గొంతు, చాలా మెల్లగా, చాలా స్పష్టంగా వినిపించింది. “కదలకు.” కెమెరా టకటకమంటోంది. ఎండ ఎదురుగా ఉంది కాబట్టి కాకి నీడ చీర మీద పడుతోంది, అంటే వెనకనుంచి అమ్మకి కనపడుతోంది. పిల్లల అరుపూ వినపడుతోంది. ఆ చేతులు దించితే చాలు, కనీసం చీర దులిపినా చాలు. అమ్మ వేళ్ళు చీర అంచుని ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే గోళ్ళు తెల్లబడటం నాకు ఇవతల్నుంచి కనపడింది. కాకి ఒక పిల్లని పట్టుకుపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వచ్చింది. మూడోసారి వెళ్ళాక తల్లిపిట్ట నోట్లో పురుగుతో వచ్చి ఖాళీ గూటి అంచున కూర్చుంది. నాన్న అదీ తీశారు.

ఆ మధ్యాహ్నం నాన్న డ్యూటీకి వెళ్ళాక అమ్మ పెరటి మెట్టు మీద కూర్చుంది. అన్నం తినలేదు. “కాకి రెక్క సీరకి తగిలింది బుజ్జీ. నాను ఇవతలున్నాను. సంపీసేరంటే ఆయనా సంపినారు, నానూ సంపినాను” అంది. నాకు నాన్న మీద ఉన్న అసహ్యం ఆ రోజు పుట్టిందే. దాన్ని తరవాత ఏ వయసూ, ఏ పెద్దరికమూ కడగలేకపోయాయి, నేను కడగాలనీ అనుకోలేదు.

కాకి నోట్లో పిల్ల ఉన్న ఫొటో టౌన్‌షిప్ క్లబ్బు వాళ్ళ ఎగ్జిబిషన్‌లో పెద్దసైజులో పెట్టారు. మొదటి బహుమతి. పైఅంచున అమ్మ వేళ్ళు పడ్డాయని నాన్న ఆ మేర కత్తిరించి ఫ్రేము కట్టించారు. నేనూ అమ్మా వెళ్ళాం. అమ్మకి ఏం తోచిందో, ఈ చీరే కట్టుకుంది. వెలిసిన భాగం కుచ్చిళ్ళలోకి పోయేలా కట్టి, ఫొటో పక్కనే నిలబడింది. ముఖ్య అతిథి కళ్ళద్దాలు సవరించుకుని కాకి కన్ను చూసి ఆహా అన్నారు. పిల్ల నోరు చూసి ఆహా అన్నారు. “బ్యాక్‌గ్రౌండ్ ఎంత క్లీన్‌గా ఉందండీ! ఏ అడవిలో తీశారు?” అని అడిగారు. “అడవి కాదండి, మా పెరడే. అదృష్టం కొద్దీ వెనకేం లేదు” అన్నారు నాన్న. అని, అమ్మ వైపు తిరిగి, “నువ్వు కొంచెం పక్కకి జరుగు, ఆయనకి అడ్డంగా ఉన్నావు” అన్నారు. అమ్మ జరిగింది. అదే రంగు చీర అదే ఫొటో పక్కన ఉంటే, ఈకలు లెక్కపెట్టగల ఆ కళ్ళలో ఒక్కదానికీ ఆనలేదు.

తరవాతి వారం నాన్న డ్యూటీలో ఉండగా అమ్మ నన్ను తీసుకుని గాజువాకలో ఒక స్టూడియోకి వెళ్ళింది. తలకి నూనె రాసి, బొట్టు పెద్దగా పెట్టుకుంది. ఫొటోగ్రాఫరు, “కొంచెం నవ్వండమ్మా” అన్నాడు. “నవ్వొద్దు బాబూ. కళ్ళు తేటగా పడాల. పిట్టలకి పడతాయి సూడు, అలగ తియ్యి” అంది. అతనికి అర్థం కాలేదు కానీ బాగా తీశాడు. పోస్టుకార్డు సైజులో వచ్చింది. అమ్మ సూటిగా చూస్తోంది, రెండు కళ్ళలోనూ లైటు మెరుపు. ఆ చూపులో కోపం లేదు, దయా లేదు. అమ్మ దాన్ని నా చేతిలో పెట్టి, “ఇది నీకాడుంచు. మీ నానకి మాత్తరం ఇవ్వకు. నాను పోయేక అడుగుతారు. ఏడిసి అడిగినా ఇవ్వకు” అంది. ఎందుకమ్మా అన్నాను. “ఎనకేం లేదన్నారు గదా. ఉందని ఇప్పుడు నానెందుకు సూపించాల?” అంది. బస్సులో కూర్చున్నాక వేరుశెనక్కాయలు కొని పెట్టింది నాకు. దారంతా మామూలుగానే కబుర్లు చెప్పింది. ఆ తరవాత కూడా నాన్న పిలిచినప్పుడల్లా చీర పట్టుకుని నిలబడింది.

నాకు పెళ్ళయి మద్దిలపాలెం వచ్చేశాను. కొన్నేళ్ళకి అమ్మ జబ్బు చేసి పోయింది. పెద్దకర్మ నాడు దండ వేయడానికి ఫొటో కావాలన్నారు. నాన్న బీరువాలన్నీ ఖాళీ చేశారు. పిట్టలు, పిట్టలు, గుట్టలుగా పిట్టలు. “ఇదేంటమ్మాయ్, మీ అమ్మ ఫొటో ఒక్కటీ లేదేంటి మనింట్లో?” అని నన్నడిగారు, ఆ తప్పు ఎవరో పైవాళ్ళు చేసినట్టు. పెళ్ళి ఆల్బంలో అమ్మ పాపిడి ఉంది, బాసికం ఉంది, మొహం లేదు. చివరికి ప్లాంటు ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన వైద్యం పుస్తకంలో అతికించిన గోరంత ఫొటో దొరికింది, దాని మీద బుగ్గని కోస్తూ రబ్బరు ముద్ర. నాన్న అప్పటికి కొత్తగా కంప్యూటరు కొన్నారు. పాత పిట్టల ఫొటోలన్నీ అందులోకి ఎక్కించుకుని, మీట నొక్కి పదును పెట్టుకోవడం నేర్చుకున్నారు. ఆ గోరంత ఫొటోని స్కాన్ చేసి, తెరంత పెద్దది చేసి, షార్పెన్ నొక్కారు. మళ్ళీ నొక్కారు. లేని గీతలు పుట్టుకొచ్చాయి. చర్మం బొంబాయిరవ్వలా గరుకుగా తేలింది. మొహం కన్నా ముందు రబ్బరు ముద్ర షార్ప్‌గా వచ్చింది. అక్షరాలు చదవగలిగేంత షార్ప్‌గా. నేను వెనకే కుర్చీలో కూర్చున్నాను. నా ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు, అందులో పోస్టుకార్డు సైజు కవరు.

ఆ ఫొటోకే దండ వేశారు. అక్కడితో ఆగినా బాగుండేది. ప్రతి ఏడాదీ తద్దినానికి ముందు నాన్న దాన్ని మళ్ళీ కంప్యూటరులో తెరిచి ఇంకొంచెం పదును పెట్టేవారు. అసలుది కాదు, పోయినేడు పదును పెట్టినదానికే మళ్ళీ పదును. దవడ చుట్టూ తెల్లటి అంచు వచ్చింది. పెదవులు రెండు నల్లగీతలయ్యాయి. కళ్ళు చుట్టూ తెల్లరింగుతో గుండ్రటి నల్లచుక్కలయ్యాయి, అచ్చం ఆయన భూతద్దంలో చూసుకునే పిట్టల కళ్ళలా. ఏటా కొత్త ప్రింటు, ఏటా అదే ఫ్రేము. చుట్టాల పిల్లలు ఆ గదిలోకి వెళ్ళడానికి జంకేవారు. అమ్మ చేత ‘నేను’ అని మళ్ళీ మళ్ళీ చెప్పించినట్టే, పోయాక కూడా ఆవిడని దిద్దుతూనే ఉన్నారనిపించేది నాకు.

ఇప్పుడు నా ఫోనులో ఒక మీట నొక్కితే వెనక ఉన్నవన్నీ దానంతటదే మెత్తగా మసకైపోతాయి. ఎవరూ చేతులెత్తి నిలబడక్కర్లేదు. మా అమ్మాయి బాల్కనీలో పిచ్చుకని అలా తీసి చూపిస్తే బాగుందన్నాను. ఆ పచ్చటి మసక కేసి మాత్రం చాలాసేపు చూస్తాను, అందులో ఎవరూ లేరని నమ్మకం కుదిరేదాకా.

పోయిన తద్దినానికి వెళ్ళినప్పుడు నాన్న ఫ్రేము గోడమీంచి దించి, అద్దం తుడుస్తూ నన్ను పిలిచారు. భోజనాలయ్యాయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన చాలాసేపు ఫొటోలోకి చూసి, “అమ్మాయ్, నిజం చెప్పు. మీ అమ్మ కళ్ళు ఇలాగే ఉండేవా? ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా రావడం లేదు. పిగిలిపిట్ట కన్ను చెప్పమంటే చెప్తాను. మీ అమ్మది రావడం లేదు” అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అబద్ధం చెప్పను. నాకు జాలి వేసింది. చెయ్యి బ్యాగు జిప్పు మీదికి వెళ్ళింది కూడా. జిప్పు కింద అమ్మ నా వైపు సూటిగా చూస్తోందని నాకు తెలుసు. చెయ్యి తీసేశాను.

“అచ్చం ఇలాగే ఉండేవి నాన్నా” అన్నాను.

ఆయన మొహం విప్పారింది. “అనుకున్నాను” అంటూ ఫ్రేముని కాస్త దూరంగా పెట్టుకుని, కళ్ళు చికిలించి చూసుకున్నారు. “ఎడమ కన్ను ఇంకా కొంచెం మసగ్గా ఉంది. వచ్చే ఏటికి సరిచేస్తాలే.”